ఇచ్చిన 40 ఎకరాలు ఎవరు లాక్కున్నారు?

‘అంతర్యుద్ధం అయ్యాక అమెరికా నల్లజాతివారికి తలా 40 ఎకరాలిచ్చారు, ఓటిచ్చారు. 150 ఏళ్లయినా పైకి రాలేదంటే తప్పు వాళ్లదే.’ ఈ మాట అక్కడి మన తెలుగువాళ్ల నోటా వినిపిస్తోంది. ఏ పేటలో ఇల్లు కొనాలో, పిల్లలు ఎవరితో ఆడుకోవాలో కూడా దీన్ని నమ్మే తేల్చేసుకుంటున్నారు. ఇది అబద్ధం.

1865 జనవరిలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ సౌత్ కరోలినా, జార్జియా, ఫ్లోరిడా తీరాల్లో కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇవ్వమని ఉత్తర్వు వేశాడు. సుమారు 40 వేల మంది ఆ నేలలో దిగారు. లింకన్ హత్య తర్వాత గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ ఏడాది తిరక్కుండానే పాత యజమానులకు క్షమాభిక్ష పెట్టి భూములు తిరిగి ఇప్పించాడు. ఈ రెండో సగం ఎవరూ చెప్పరేం?

నేల పోయినవాళ్లలో చాలామంది దొరల పొలాలే సగం పాలుకు చేశారు. విత్తనం, బట్ట, మొక్కజొన్న పిండి దొర కొట్లోనో, ఊరి షావుకారు దగ్గరో అరువు. పత్తి తూచేదీ, పద్దు రాసేదీ వాళ్లే. ఎదురు లెక్క అడిగితే ప్రాణానికే ముప్పు. ఏడాది చివర మిగిలేది బాకీ. కూడబెట్టిన పైసలూ దక్కలేదు: వారి కోసమే పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు, దాని పెద్దలిచ్చిన అడ్డగోలు అప్పుల వల్ల 1874లో మూతపడి 60 వేలకు పైగా ఖాతాదారులను ముంచింది.

ఓటు సంగతీ అంతే. లూసియానాలో 1896లో 1.3 లక్షల మంది నల్లజాతి ఓటర్లుంటే, చదువు పరీక్ష, ఆస్తి షరతు పెట్టాక 1904 నాటికి మిగిలింది 1,342 మంది.

యుద్ధం ముగిశాక దక్షిణాదిలో నల్లజాతి ప్రతినిధులతో ఏర్పడ్డ ప్రభుత్వాల్లో అవినీతి ఉందంటారు. ఉంది, సౌత్ కరోలినాలో లంచాలు నడిచాయి, ఒప్పుకోక తప్పదు. కానీ అదే రోజుల్లో న్యూయార్క్‌లో తెల్లవారి రాజకీయ ముఠా అయిన ట్వీడ్ ముఠా కోట్ల డాలర్లు మింగింది. దక్షిణాదిలో రాష్ట్రమంతటికీ ప్రభుత్వ బడులు తెచ్చింది మాత్రం ఈ ప్రభుత్వాలే.

నల్లజాతివారికి చదువు మీద ఆసక్తి లేదట! 1880లో వారిలో 70 శాతమున్న నిరక్షరాస్యత 1910 నాటికి 30 శాతానికి దిగింది.

భూమి తరాల మీదుగా ఆస్తి అవుతుంది, లేమి కూడా అలాగే దిగుతుంది. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో, ఆస్తి వరసలో సరిగ్గా మధ్యన నిలిచే తెల్ల కుటుంబానికి 2,85,000 డాలర్లుంటే, నల్ల కుటుంబానికి 44,900.

ఈ చరిత్ర మనకూ సంబంధించిందే. తల్లిదండ్రులు వీసా మీద ఉన్నా, అక్కడ పుట్టిన మన పిల్లలకు పౌరసత్వం దక్కింది 1868 నాటి 14వ సవరణ వల్లే. అది బానిసత్వం నుంచి బయటపడ్డవారి కోసం చేసింది. ఈ సంగతి పిల్లలకు ఇంట్లోనే చెప్పండి. కాస్త పెద్దవాళ్లయితే చరిత్రకారుడు డు బోయ్స్ 1935లో రాసిన ‘బ్లాక్ రికన్‌స్ట్రక్షన్’ చదివించండి. ఇల్లు చూసేటప్పుడు బడి, ప్రయాణ దూరం, ధర చూసుకోండి. పక్కింటివారి రంగు చూడకండి. ఆ 40 ఎకరాల మాట మళ్లీ వినిపిస్తే, జాన్సన్ ఏం చేశాడో అక్కడే చెప్పండి.