కుళ్లిన కాయను తీసేసినట్టు...

గంపలో ఒక్క కాయ కుళ్లితే వెంటనే తీసి అవతల పెట్టాలని బనగానపల్లెలో పిల్లలకూ తెలుసు. ఆ ఊరి మామిడికి భౌగోళిక గుర్తింపు దక్కిన 2017 మేలోనే, 12న ‘వన్నాక్రై’ ప్రపంచాన్ని చుట్టేసింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు లాంటి జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమనేది. ఎవరూ ఏదీ క్లిక్‌ చేయనక్కర్లేదు. ఒకదాంట్లో దూరితే నెట్‌వర్క్‌లోని మిగతావాటికి తానే పాకేది. అందుకే కేబుల్‌ పీకేయడమే మొదటి వైద్యం. విచిత్రమేంటంటే, దీనికి మందు మైక్రోసాఫ్ట్‌ మార్చి 14నే ఇచ్చేసింది! అప్‌డేట్‌ అడిగితే ‘తర్వాత చూద్దాం’ అన్నవాళ్లే దొరికిపోయారు. ఫైళ్ల నకలు వేరే డిస్కులో దాచుకున్న ఆఫీసులకు మాత్రం బెంగ లేదు. అయితే, ఆ డిస్కును కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే అదీ పోయినట్టే.