సన్న ములుకు పెన్సిలు: ఎన్నుకొను విధము

గ్రాఫు గీయుట నేర్చిన నాటినుండి విద్యార్థికి పెన్సిలుతో ఒక చిక్కు మొదలగును. గ్రాఫు కాగితముపై అతి చిన్న గడి భుజము ఒక మిల్లీమీటరు. చెక్క పెన్సిలులోని ములుకు సుమారు 2 మి.మీ. మందము కలది. చెక్కిన వెంటనే దాని మొన సూదివలె ఉండును. కొన్ని గీతలు గీయునప్పటికి మొద్దుబారి, గీత సగము గడిని కప్పును. మరికొంత సేపటికి గడినంతటిని కప్పివేయును. అట్టి గీతనుండి వాలు లెక్కకట్టినచో తప్పు రాక మానదు. ఈ చిక్కు తప్పించుకొనుటకే విద్యార్థులు ‘పెన్ పెన్సిలు’ అని పిలుచు సన్న ములుకు పెన్సిలును కొనుచుందురు. దాని ములుకు ఆసాంతము ఒకే మందము కలది. చెక్కవలసిన పని లేదు.

అయితే దుకాణములో 0.3, 0.5, 0.7, 0.9 అను సంఖ్యలు గల పెన్సిళ్లు కనబడును. ఎంత సన్ననిదైన అంత మేలని తలచి 0.3 కొన్న విద్యార్థికి పరీక్షనాడు రెండు గీతలకొకసారి ములుకు విరిగి, కాలమంతయు మీట నొక్కుటతోనే సరిపోవచ్చును. ఇందులో తప్పు పెన్సిలుది కాదు, ఎన్నికది. ఆ ఎన్నికకు ఆధారము ఒక చిన్న లెక్క.

ములుకు దేనితో చేయబడినది?

పెన్సిలులో సీసము ఉండునని పూర్వము నమ్మిరి. అది సీసము కాదనియు, కర్బనము యొక్క ఒక రూపమనియు 1779లో షీలే అను రసాయన శాస్త్రవేత్త తెలిపెను. అదియే గ్రాఫైటు. దీనిలోని పరమాణువులు పొరలు పొరలుగా పేరుకొని ఉండును. పొరల నడుమ పట్టు తక్కువ. కాగితముపై రాచినపుడు ఆ పొరలే ఊడి గీతగా నిలుచును. 1795లో ఫ్రాన్సు దేశీయుడగు కాంటె గ్రాఫైటు పొడిని బంకమన్నుతో కలిపి కాల్చు పద్ధతిని కనిపెట్టెను. మన్ను పాలు హెచ్చిన కొలది ములుకు గట్టిపడి గీత పలుచబడును. తగ్గిన కొలది మెత్తబడి గీత నల్లబడును. హెచ్., హెచ్.బి., బి. అను గుర్తులు తెలుపునది ఈ భేదమునే.

ములుకును ముందుకు నెట్టు పెన్సిలునకు 1822లోనే హాకిన్స్, మోర్డాన్ అనువారు ఇంగ్లండులో పేటెంటు పొందిరి. కాని మన్ను కలిపిన ములుకును మిక్కిలి సన్నగా చేసినచో పెళుసై విరిగిపోవును. 1960లో జపాను దేశపు పెంటెల్ సంస్థ మన్నునకు బదులు రెజిను అను జిగురు పదార్థమును గ్రాఫైటుతో కలిపి కాల్చి ములుకులు చేసెను. కాల్చినపుడు రెజిను కూడ కర్బనముగా మారి గ్రాఫైటు రేణువులను గట్టిగా బంధించును. నేటి సన్న ములుకులకు ఈ పద్ధతియే మూలము.

విరుగుటలోని లెక్క

పెన్సిలు మొననుండి వెలికి వచ్చిన ములుకు, గోడలోనుండి పొడుచుకొని వచ్చిన దూలము వంటిది. వ్రాయునపుడు కాగితము దాని కొనను ప్రక్కకు నెట్టును. అట్టి గుండ్రని దూలమును విరుచుటకు కావలసిన బలము దాని వ్యాసము యొక్క ఘనమునకు అనుపాతములోను, పొడవునకు విలోమానుపాతములోను ఉండును.

ఇచట ఒక విశేషము గమనింపదగినది. పెన్సిలుపై ముద్రించిన సంఖ్య పేరు మాత్రమే. అసలు కొలత వేరు. 0.3 ములుకు నిజ వ్యాసము సుమారు 0.38 మి.మీ.; 0.5 ములుకుది సుమారు 0.56 మి.మీ. 0.7, 0.9 ములుకులు మాత్రము తమ పేరునకు దగ్గరగానే ఉండును. 0.5 ములుకు బలమును 1 అనుకొని, నిజ వ్యాసముల ఘనములు కట్టి చూచినచో 0.3 ములుకు బలము సుమారు మూడవ వంతు, 0.7 ది సుమారు 2, 0.9 ది సుమారు 4 అగును. పేరులోని సంఖ్యలతోనే లెక్క వేసినచో 0.7 ములుకు 0.5 కంటె సుమారు 2.7 రెట్లు బలమైనదని వచ్చును, అది సరికాదు. కొలవక లెక్కించుట ఎంత ప్రమాదకరమో దీనివలన తెలియును.

పొడవు సంగతియు మరువరాదు. వెలికి వచ్చిన ములుకు రెట్టింపైనచో బలము సగమగును. మీటను నాలుగైదు సార్లు నొక్కి వ్రాయువాడు ఎంత మంచి ములుకు కొన్నను ప్రయోజనము లేదు.

లోపలి అమరిక

మీట నొక్కినపుడు లోపలి చిన్న దవడలు ములుకును పట్టుకొని ముందుకు నడుపును. వాటిని బిగించియున్న ఉంగరము ఒకచోట ఆగిపోగా దవడలు తెరచుకొనును. మీట విడిచినపుడు స్ప్రింగు దవడలను వెనుకకు లాగును. అప్పుడు ములుకు కూడ వెనుకకు పోకుండ మొనలోని రబ్బరు ముక్క పట్టియుంచును. ములుకు అరిగి దవడలకు అందనంత పొట్టిదైనపుడు దానిని నొక్కి పట్టునది ఉండదు. అందువలననే చివర సుమారు ఒక సెంటీమీటరు ముక్క వ్యర్థమగును. అది పెన్సిలు లోపము కాదు. ములుకులు కిక్కిరిసి నింపుట, 0.7 పెన్సిలులో 0.5 ములుకు వేయుట మాత్రము వాడువాని పొరపాట్లు.

ఏ పనికి ఏది?

వేగముగా, చేతిని అదిమి వ్రాయువారికి 0.7 మి.మీ., హెచ్.బి. లేదా బి. తగినది. గ్రాఫులకు, కిరణ చిత్రములకు, జ్యామితికి 0.5 మి.మీ., హెచ్.బి. చాలును, దానిని నిలువుగా పట్టినచో గీత సుమారు సగము గడికి మించదు. చేయి తేలికగా ఆడువారు, సూక్ష్మమైన పటములు గీయువారు 0.3 ఎన్నుకొనవచ్చును. ఒకే మందములో మెత్తని ములుకు గట్టిదానికంటె త్వరగా విరుగును గనుక 0.3 లో హెచ్.బి. కంటె మెత్తనిది కొనకుండుట మేలు.

మొన ఆకారమును కూడ చూడవలెను. స్కేలు ప్రక్కన గీయుటకు సుమారు 4 మి.మీ. పొడవుగల తిన్నని లోహపు గొట్టము ఉన్న మొన అనుకూలము. కాని క్రింద పడినచో ఆ గొట్టము వంగి పెన్సిలు పనికిరాకుండ పోవును. జేబులో ఉంచుకొనువారు గొట్టము లోపలికి పోవు రకము కొనుట మంచిది.

తరగతిలో ఒక ప్రయోగము

వంటింటి డిజిటల్ త్రాసుపై ఒక అట్టముక్క ఉంచవలెను. ములుకును 3 మి.మీ. వెలికి తీసి, పెన్సిలును వ్రాయునప్పటి వాలుతో పట్టుకొని, విరుగువరకు అట్టపై మెల్లగా అదిమి, విరిగినపుడు త్రాసు చూపిన గ్రాములు వ్రాసికొనవలెను. వాలు మార్చకుండ 6 మి.మీ. పొడవుతో మరల చేయవలెను. ముక్కలు ఎగురును గనుక కంటికి అద్దములు అవసరము. పెళుసు పదార్థములు ఒక్కొక్కసారి ఒక్కొక్క బలమునకు విరుగును; కావున ఒక్కొక్క పొడవునకు పదేసి కొలతలు తీసి సగటు కట్టవలెను. రెండవ సగటు మొదటిదానిలో సుమారు సగముగా వచ్చినచో, దూలముల నియమమును విద్యార్థి తన చేతి పెన్సిలులోనే చూచినవాడగును. ఆ పిమ్మట దుకాణములో ఏ సంఖ్య అడుగవలెనో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు.