తోకచుక్క జాడ

వరాహమిహిరుడు బృహత్సంహితయందు కేతుచారమును వర్ణింపబూని, ఈ కేతువుల, అనగా తోకచుక్కల, ఉదయాస్తమయములను గణితముచేత తెలిసికొనుట సాధ్యము కాదని మొదటనే చెప్పివేసెను. గ్రహణములను ఘడియ విఘడియలతో ముందుగా నిర్ణయింపగల శాస్త్రమున పారంగతుడైనవాడు, తన లెక్కకు అందనిది ఒకటి ఆకాశమున కలదని ఇంత నిస్సంకోచముగా ఒప్పుకొనుట నాకు మిక్కిలి గౌరవము కలిగించు విషయము. ఆయన మాటలో సగము 18వ శతాబ్దమున చెల్లకపోయెను; తక్కిన సగము నేటికిని చెల్లుచునే యున్నది. ఒకసారి చక్కగా పరిశీలింపబడిన తోకచుక్క ఏ రాత్రి ఏ నక్షత్రముల నడుమ నుండునో నేడు మనము చెప్పగలము. అది ఎంత వెలుగుతో కనబడునో మాత్రము నిశ్చయముగా చెప్పలేము.

ఆ మొదటి సగమును చెల్లకుండ చేసినవాడు ఎడ్మండ్ హేలీ. న్యూటను చూపిన గురుత్వాకర్షణ మార్గము ననుసరించి ఆయన 24 తోకచుక్కల కక్ష్యలను గణించి 1705లో ప్రకటించెను. ఆ పట్టికలో 1531, 1607, 1682 సంవత్సరముల నాటి మూడు వరుసల యొద్ద ఆయన దృష్టి నిలిచిపోయెను. మూడును గ్రహములు పోవు దిక్కునకు ఎదురుగా పోయినవే. మూడింటి కక్ష్యల వాలును, సూర్యునికి మిక్కిలి దగ్గరగా వచ్చు దూరమును ఇంచుమించు ఒక్కటే. మొదటిదానిని ఆపియనస్, రెండవదానిని కెప్లర్ చూచి వ్రాసియుంచిరి. మూడవదానిని హేలీ స్వయముగా చూచెను. వచ్చినవి మూడు కావనియు, ఒక్కటే మరల మరల వచ్చుచున్నదనియు ఆయన గ్రహించెను. అయితే రాకపోకల నడిమి కాలములు సమముగా లేవు. ఒక పర్యాయమునకును ఇంకొక పర్యాయమునకును ఏడాదికి పైగా భేదము. దారిలో గురుగ్రహము దానిని తనవైపు లాగుటచేతనే ఈ భేదము కలిగెనని ఊహించి, 1758 చివర అది తిరిగి రాగలదని ఆయన చెప్పెను. ఆ రాకను చూడకయే 1742లో కన్నుమూసెను.

గురుడు లాగెననుట సులభము. ఎంత లాగెనో తేల్చుట మహాకష్టము. ఆ భారమును ప్యారిస్ నగరమున క్లేరో అను గణితజ్ఞుడు పూనుకొనగా, లలాండ్ అను ఖగోళవేత్తయు, నికోల్ రేన్ లెపోట్ అను విదుషీమణియు లెక్కలు చేయుటకు కూర్చుండిరి. ఉదయము మొదలు రాత్రివరకు, ఒక్కొక్కప్పుడు భోజనపు బల్లయొద్ద సైతము, ఆరు నెలలు తాము లెక్కలు కట్టుచునే యుంటిమని లలాండ్ తరువాత తెలిపెను. తోకచుక్క దారిలో ఒక్కొక్క మజిలీకి గురుని దూరమును, శని దూరమును కనుగొని, ఆ ఆకర్షణ దాని వేగమును ఎంత మార్చునో కూడుచు పోవలయును. ఒకచోట అంకె తప్పినచో ఆ తప్పు చివరివరకు వెంటవచ్చును. శని వలన 100 దినములు, గురుని వలన 518 దినములు ఆలస్యమగునని తేల్చి, 1759 ఏప్రిల్ నడుమ అది సూర్యుని సమీపించునని, ఒక నెల అటు నిటు కావచ్చునని వారు ప్రకటించిరి. 1758 డిసెంబరు 25 రాత్రి డ్రెస్డెన్ నగర సమీపమున పాలిష్ అను కర్షకుడు, స్వయంకృషిచే ఖగోళవిద్య నేర్చినవాడు, తన దూరదర్శినితో దానిని మొట్టమొదట కనుగొనెను. అది సూర్యుని సమీపించినది మార్చి 13న. ఇంతటి లెక్కలో లెపోట్ పాలు ఎంతయో చెప్పవలసినంతగా చరిత్రకారులు చిరకాలము చెప్పకుండుట అన్యాయమని నా అభిప్రాయము.

కక్ష్యను గణించుటయన, పగిలిన గాజుముక్క నొకదానిని చేతబట్టి, పూర్తి గాజు ఎంతటిదో చెప్పుట వంటిది. ముక్క చిన్నదైన కొలది ఊహ చెదరును. పెద్దదైన కొలది కుదురుకొనును. కనీసము మూడు రాత్రుల స్థానములు కావలయును. వెనుకటి రోజులలో దూరదర్శినికి ఫొటోపలక అమర్చి గంటసేపు ఆకాశమును చిత్రించెడివారు. తెలిసిన నక్షత్రములు పలకపై సన్నని చుక్కలుగా నిలువగా, వాటికంటె వేరుగ కదలు తోకచుక్క ఆ నడుమ మసకగీతగా పడును. ఆ గీత యే నక్షత్రమునకు ఎంత దూరమున నున్నదో సూక్ష్మముగా కొలిచి, కాలముతోకూడ వ్రాసిననే అది పరిశీలన యగును. హైదరాబాదున పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయిన వేణు బప్పు, 1949 జూలై 2న ఇట్టి పలకపైననే ఒక క్రొత్త తోకచుక్కను గుర్తించెను. అది బప్పు, బాక్, న్యూకిర్క్ అను మువ్వురి పేర వెలసినది. దాని కక్ష్యను గణించి, అది మరల వచ్చుటకు సుమారు 60,000 సంవత్సరములు పట్టునని అంచనా కట్టిరి.

లెక్క యెంత పెరిగినను తోకచుక్క కొంచెము కొంచెము తప్పించుకొనుచునే వచ్చినది. 1910 నాటి హేలీ తోకచుక్క రాకకు కవెల్, క్రోమెలిన్ అను ఖగోళవేత్తలు గ్రహముల ఆకర్షణలను లెక్కించి దినము నిర్ణయించిరి. తోకచుక్క దానికి మూడు దినములు ఆలస్యముగా, ఏప్రిల్ 20న, సూర్యుని చేరెను. ఎంకె అను ఇంకొక తోకచుక్క యైతే ప్రతి పర్యాయమును రవ్వంత ముందుగానే వచ్చెడిది. లెక్కలో దోషము లేదు, మరి దోషమెక్కడ? 1950లో ఫ్రెడ్ విపిల్ అను ఖగోళవేత్త దీనికి సమాధానము చెప్పెను. తోకచుక్క నడినాభి మంచును ధూళియు కలిసిన గడ్డ; ఎండ తగిలినవైపున ఆవిరి చిమ్మగా, ఆ చిమ్మిన వేగము గడ్డను ఎదురువైపునకు నెట్టును. గడ్డ తిరుగు తీరునుబట్టి ఆ నెట్టు ముందుకో వెనుకకో పడును. మూడు దినముల తప్పు తోకచుక్క యొక్క అంతస్స్వరూపమునే మనకు తెలిపినది. 1986 మార్చిలో జొట్టో అను అంతరిక్ష నౌక సుమారు 600 కిలోమీటర్ల దూరమున హేలీ తోకచుక్క ప్రక్కగా పోయి, బొగ్గువలె నల్లనై, 15 కిలోమీటర్ల పొడవుగల నాభినుండి ఆవిరిధారలు చిమ్ముటను చిత్రించినది.

ఇక వెలుగు సంగతి. నక్షత్రముల కాంతికి తరగతులు కలవు. తరగతి సంఖ్య పెరిగిన కొలది వెలుగు తగ్గును, ఐదు తరగతుల అంతరము నూరు రెట్లు. నక్షత్రము చుక్క, తోకచుక్క పొగమంచు తునక. ఈ రెంటిని సరిచూచుటెట్లు? పరిశీలకుడు బైనాక్యులరులో తోకచుక్కను చూచి దాని పరిమాణమును, మసకవెలుగును మనస్సున నిలుపుకొనును. పిమ్మట కాంతి తెలిసిన నక్షత్రమువైపు తిప్పి, మర త్రిప్పి, ఆ చుక్క తోకచుక్క యంత పళ్లెమగువరకు మసక చేయును. ఒకటి దానికంటె మిక్కిలి, ఇంకొకటి దానికంటె తక్కువ యని తేలువరకు రెండు మూడు నక్షత్రములతో పోల్చి, ఆ నడుమ నొక అంకె వ్రాసికొనును. అనుభవజ్ఞులైన ఇరువురు ఒకే రాత్రి చూచినను అంకెలు కొంత తేడాపడును. అందుచేతనే వారములకొలది పలువురు వ్రాసిన అంకెలను వరుసగా గుర్తించి, వాటి నడుమ గీత గీయుదురు.

ఆ గీత యెటు పోవునో ముందు చెప్పుట దుష్కరము. కేవలము సూర్యకాంతిని ప్రతిఫలించు రాయి, సూర్యునికి దూరము సగమైనచో నాలుగు రెట్లు వెలుగును. తోకచుక్క తరచుగా 16 రెట్లు వెలుగును, ఏలయన దగ్గరైన కొలది ఆవిరియు ధూళియు హెచ్చును. కాని ఏ తోకచుక్క ఎంత చిమ్మునో దానికే తెలియవలెను. 1973లో కొహౌటెక్ తోకచుక్క దూరముననే వెలుగుచు కనబడగా, మహాద్భుతముగా నుండునని లోకమంతయు ఎదురుచూచినది. సంవత్సరాంతమున అది జనులను నిరాశపరచెను. 2007 అక్టోబరులో, సూర్యునికి దూరముగా పోవుచున్న హోమ్స్ తోకచుక్క, రెండు దినములలోపల సుమారు ఐదు లక్షల రెట్లు వెలిగి, దూరదర్శినికి మాత్రమే అందునది కాస్త ఇంటి వాకిట నిలిచి చూచినవారికి సైతము కనబడెను. దానిని ఎవ్వరును ముందుగా చెప్పలేదు.

1986లో హేలీ సూర్యుని సమీపించునాటికి మనము సూర్యునికి ఆవలివైపున నుంటిమి. అందుచేత ఆ దర్శనము చాలమందికి తృప్తినీయలేదు. 2003లో చిలీ దేశమందలి మహా దూరదర్శినులు దానిని ఒక అతిసూక్ష్మమైన చుక్కగా పట్టుకొన్నవి. 2023 డిసెంబరున, నెప్ట్యూన్ కక్ష్యకు ఆవల, అది తన దారి చివర మలుపు తిరిగినది. ఆ చీకటిలో ఇప్పుడది మనవైపే వచ్చుచున్నది; 2061 జూలై 28న సూర్యుని సమీపించును.