గోడకేసే రంగు... కోటుకి హుందా!

ఇంటికి రంగులేయిద్దామని షేడ్ కార్డు ముందేసుకుంటే ఇంటిల్లిపాది చూపూ పచ్చలూ నీలాల మీదే పడుతుంది. ఓ మూలనుండే బూడిదా కాని, ఇసుకా కాని రంగుని మాత్రం 'వెలిసిపోయినట్టుంది' అని పక్కన పెట్టేస్తారు. కానీ ఆ వెలిసినట్టుండే రంగే ఉద్యోగినుల సూటుకి కొత్త హుందాతనం తెచ్చిందంటే నమ్ముతారా!

దాని పేరు గ్రేజ్. గ్రే, బీజ్ కలిస్తే గ్రేజ్ అంటారు కానీ నిజానికి ఆ మాట బట్టలదే. ఫ్రెంచివాళ్లు రంగు అద్దని ముడిపట్టుని అలా పిలిచేవారు. అంటే గోడలెక్కకముందే అది బట్ట రంగన్నమాట. దాన్ని తన గుర్తుగా చేసుకున్నది ఇటలీ డిజైనర్ జార్జియో అర్మానీ.

కవచం కాదు, కోటే!

వైద్యవిద్యను మధ్యలో వదిలేసి, మిలాన్‌లోని ఓ పెద్ద దుకాణంలో షోకేసులు అలంకరించే పనిలో చేరాడు అర్మానీ. 1975లో స్నేహితుడు సెర్జియో గాలియోటితో కలిసి సొంత కంపెనీ పెట్టాడు. అప్పట్లో పాశ్చాత్య దేశాల్లో పెద్ద ఉద్యోగాల్లోకి వస్తున్న ఆడవాళ్లకి బట్టలే ఓ సమస్య. మగవాళ్ల కోటులాంటిది వేసుకుంటే ఒంటికి బిగుతు. సుకుమారమైన గౌను వేసుకుంటే మీటింగులో మాటకు విలువుండదేమోనని బెంగ.

అర్మానీ కోటుని విప్పి చూశాడు. దాన్ని బిర్రుగా నిలబెట్టే కాన్వాసు, మందపాటి ప్యాడ్లు, లైనింగు... వీటిలో కొన్ని తీసేశాడు, కొన్ని తగ్గించాడు. పల్చని ఉన్ని, లినెన్ వాడాడు. దాంతో కోటు భుజాల మీద చొక్కాలా జారింది! 1978లో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్న డయాన్ కీటన్ ఒంటి మీదున్నదీ అర్మానీ కోటే. 1982లో 'టైమ్' పత్రిక ఆయన్ని ముఖచిత్రంగా వేసింది.

మరి ఆ రంగే ఎందుకంటారా? ముదురు రంగులైతే చూపు బట్టల దగ్గరే ఆగిపోతుంది. గ్రేజ్ తాను వెనక్కి తగ్గి, మనిషి ముఖాన్నీ మాటనీ ముందుంచుతుంది. గోడ మీదా అంతే కదా... ముందున్న పటమే కనిపిస్తుంది!

కుట్టించుకోవాలంటే...

ఖరీదైన బ్రాండే అక్కర్లేదు. కోట్లు కుట్టడంలో చేయి తిరిగిన టైలరుంటే చాలు.

* ఈ రంగు ఎండలో ఇసుకలా, ట్యూబులైటు కింద బూడిదలా కనిపిస్తుంది. అందుకే బట్టని దుకాణం బయటికి తెచ్చి, ముఖం పక్కన పెట్టుకుని చూడాలి.

* ముఖం వాడినట్టు కనిపిస్తే కాస్త గోధుమ ఛాయ ఎక్కువున్నది ఎంచుకోవచ్చు.

* భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక దగ్గరుండాలి. ప్యాడ్లు పల్చగా ఉంటే మేలు.

* ట్రయల్‌కి వెళ్లినప్పుడు చేతులు పైకెత్తి, కూర్చుని చూడాలి. ఎక్కడ పట్టేసినా అప్పుడే చెప్పేయాలి.

అర్మానీ 2025 సెప్టెంబరు 4న తొంభై ఒక్కేళ్ల వయసులో కన్నుమూశాడు. బిగుసుకోకుండానే దర్జాగా ఉండొచ్చన్న ఆయన పాఠం మాత్రం మిగిలే ఉంది. ఈసారి షేడ్ కార్డు చేతికొస్తే ఆ మూలనున్న రంగుని ఓసారి చూడండి. గోడకి నచ్చకపోయినా... కోటుకి నచ్చొచ్చు!