వైకల్యం వచ్చిందని ఉద్యోగం తీసేస్తే: అపోహలు – వాస్తవాలు

కృష్ణపట్నం రేవులో పనైనా, తీరం వెంట రొయ్యల ప్లాంట్లలో పనైనా, ఆర్టీసీ స్టీరింగైనా ఒంటి సత్తువ మీదే నడుస్తుంది. అందుకే చూపు తగ్గితే, చెయ్యి దెబ్బతింటే ఉద్యోగం పోవడం మామూలేనని చాలామంది సరిపెట్టుకుంటారు. సరిపెట్టుకోనక్కర్లేదు.

అపోహ: పాత పని చేయలేనివాణ్ని తీసేయడం న్యాయమే.

వాస్తవం: 2014లో ఆర్టీసీలో చేరిన ఒక డ్రైవరుకు రంగులు సరిగా తెలియడం లేదని వైద్య పరీక్షలో తేలింది. వేరే పని ఇమ్మని ఆయన అడిగినా 2016లో ఇంటికి పంపేశారు. వర్ణాంధత్వం వికలాంగుల చట్టం జాబితాలోనే లేదు. అయినా 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది. అలాంటి డ్రైవర్లకు వేరే పని ఇస్తామని కార్మిక సంఘాలతో 1979లో చేసుకున్న ఒప్పందాన్ని గుర్తుచేసి, తగిన పని ఉందేమో వెతకాల్సింది సంస్థేనంది. పాత జీతం స్థాయిలోనే పోస్టు, బకాయిల్లో 25 శాతం ఇప్పించింది.

అపోహ: తీసేయడానికి వైకల్యమొక్కటే కారణమని రుజువు చేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. కారణాల్లో అదీ ఒకటని చూపితే చాలని, మానసిక అనారోగ్యంతో ఉన్న సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నా దృష్టిలో ఇలాంటి కేసుకు ప్రాణం తేదీల్లో ఉంటుంది. ఏళ్ల తరబడి ఒక్క మెమో కూడా లేని మనిషికి ఆసుపత్రి చీటీ ఇచ్చిన నెలలోనే మెమోలు మొదలైతే, ఆ వరుసే సాక్ష్యం. వేరే పని అడిగిన అర్జీ నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సూపర్‌వైజరు పెట్టిన వాట్సాప్ మెసేజీలు చెరపకండి.

అపోహ: సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం లేకపోతే హక్కే లేదు.

వాస్తవం: ఆ గీత రిజర్వేషన్ల లాంటి వాటికే. వివక్ష నుంచి రక్షణకు కాదు.

అపోహ: ప్రైవేటు వాళ్లకు చట్టం పట్టదు.

వాస్తవం: సర్వీసులో వైకల్యం వచ్చినవారిని తొలగించకూడదనే 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకే పరిమితం. ఇది పెద్ద లోటే. కానీ సమాన అవకాశాల విధానం ప్రకటించాలనే 21వ సెక్షన్ ప్రైవేటుకూ వర్తిస్తుంది. అక్రమ తొలగింపుపై కార్మిక శాఖకు వెళ్లే దారి విడిగా ఉంది. అందుకే రాజీనామా రాయమని ఒత్తిడి చేస్తే రాయకండి. రాస్తే అది తొలగింపే కాదని వాదిస్తారు.

లాయరు ఖర్చుకు భయపడి ఆగకండి. వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.