కదలిక నుంచి ఆలోచనకు: ఒంటికాలి పాఠం



"చేతులు కట్టుకొని, నోటిమీద వేలు వేసుకొని కూర్చోండి" అన్న మాట చిన్న తరగతుల్లో మీరు ఎన్నిసార్లు విన్నారో గుర్తు తెచ్చుకోండి. పిల్లలు కదలకుండా ఉంటేనే పాఠం వింటారని మన నమ్మకం. ఇక ఆటల పీరియడ్‌లో కదలిక ఉంటుంది కాని, ఆలోచనకు చోటుండదు. ఈ రెండింటినీ ఒకే పాఠంలో ఎలా కలపవచ్చో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. రేపు ఉపాధ్యాయులయ్యే వారికే కాక, ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉన్నవారికి కూడా ఇది పనికివస్తుంది.

రెండో తరగతి పిల్లలను ఇద్దరిద్దరుగా నిలబెట్టండి. ఒకరు చేస్తుంటే, పడిపోకుండా మరొకరు పక్కన ఉండాలి. ముందుగా కళ్ళు తెరిచి, పది లెక్కపెట్టేవరకు ఒంటికాలిపై నిలబడమనండి. తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలకు ఇది పెద్ద కష్టం కాదు. తరవాత కళ్ళు మూసుకొని అదే పని చేయమనండి. పది పూర్తికాక ముందే చాలామంది తూలి, కాలు కింద పెట్టేస్తారు.

ఇక్కడ ఆపండి. అందరినీ కూర్చోబెట్టి, అర నిమిషం మౌనంగా ఉండనిచ్చి, మూడు ప్రశ్నలు అడగండి. ఏం జరిగింది? ఎప్పుడు కష్టమనిపించింది? మళ్ళీ చేస్తే ఏం మార్చుకుంటావు? రాయలేనివారు బొమ్మ వేయవచ్చు. "ఎవరు గెలిచారు?" అని మాత్రం అడగకండి. అలా అడిగితే అందరికంటే ముందు తూలిన పిల్లవాడు సిగ్గుపడి నోరు విప్పడు. నిజానికి చెప్పవలసింది ఎక్కువగా ఉన్నది అతని దగ్గరే.

ఇంతకీ ఎందుకు తూలారు? మన శరీరం నిలకడగా ఉండటానికి మెదడుకు మూడు చోట్ల నుంచి సమాచారం అందుతుంది. మొదటిది కళ్ళు. రెండోది లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార కుల్యలు, వాటి పక్కనే ఉన్న చిన్న సంచులు. తల ఎటు తిరిగిందో, ఎటు వంగిందో ఇవి తెలుపుతాయి. మూడోది కండరాలు, కీళ్ళలోని గ్రాహకాలు. కళ్ళు మూస్తే ఒక దారి మూసుకుపోతుంది. మిగిలిన రెండింటితోనే మెదడు సర్దుకోవాలి.

ఈ వివరణ మీ కోసం. రెండో తరగతి పిల్లలకు కుల్యల పేర్లు అక్కరలేదు. "కళ్ళు కూడా మనల్ని నిలబెడతాయి" అని ఒక పాప తన మాటల్లో చెప్పగలిగితే ఆ రోజు పాఠం పూర్తయినట్లే. "ఈసారి చేతులు చాపుతాను" అని మరొకరు అంటే వెంటనే చేయించండి. ఊహించటం, చేసి చూడటం, ఫలితాన్ని సరిపోల్చటం: శాస్త్రజ్ఞుని పద్ధతి కూడా ఇదే.

అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1910లోనే తన గ్రంథంలో ఆలోచనాపూర్వక చింతనకు విద్యలో కీలక స్థానం ఇచ్చాడు. డేవిడ్ కోల్బ్ 1984లో అనుభవం, పరిశీలన, భావన, ప్రయోగం అనే నాలుగు దశల చక్రాన్ని వివరించాడు. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు ఆటల ద్వారా బోధనను సూచించింది.

రెండు జాగ్రత్తలు. చర్చ మూడు, నాలుగు నిమిషాలు మించకూడదు; మించితే పిల్లలకు అదీ ఒక ఉపన్యాసమే అవుతుంది. అలాగే, నిలబడలేని బిడ్డను ప్రేక్షకునిగా ఉంచకండి. కూర్చొనే కళ్ళు మూసుకొని చూపుడువేలితో ముక్కు కొనను తాకమనండి. చూడకుండానే చేయి ముక్కును ఎలా చేరిందన్నది కూడా అంతే మంచి ప్రశ్న.

ఇప్పుడు పుస్తకం పక్కన పెట్టి, గోడకు దగ్గరగా ఒంటికాలిపై నిలబడండి. కళ్ళు మూయండి. ఏం గమనించారో రెండు వాక్యాల్లో రాయండి. మీరు చేసి చూసిన పాఠమే పిల్లల చేత చేయించగలరు.