పిలిచినను పలుకని పసివాడు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలోని ఏ సర్కారు ఆసుపత్రికైనను పోయి, పిల్లల వైద్యుని గదిముందు ఒక పూట కూర్చున్నచో, జ్వరములకును దగ్గులకును వచ్చిన తల్లుల నడుమ, చంకలో నిలువక జారిపోవుచున్న మూడు నాలుగేండ్ల బిడ్డను పొదివిపట్టుకొని తన వంతుకై ఎదురుచూచు తల్లి యొకతె తప్పక కనబడును. బిడ్డకు జ్వరము లేదు. ఒడలు పుష్టిగానే యున్నది. ముఖము చక్కనిది, కాళ్లు చురుకైనవి. "మా గుంటడు పిలిస్తే పలకడం నేదు బాబూ, మాటలు రానేదు" అని ఆమె లోపలికి పోయి చెప్పునంతలో, వెంటవచ్చిన అత్తగారు అందుకొని, "ఆడి అయ్యకీ నాలుగేళ్లకి గానీ మాటలు రానేదు, ఏటీ అవదు" అని ధైర్యము చెప్పును. మొదటి మాటను పట్టుకొని రెండవదానిని ప్రక్కకు పెట్టవలసిన వైద్యుడు, బయట ఇంకను ఎందరో వేచియుండుటచేత, రెండవదానినే ఆశ్రయించి, "అయిదేండ్లు రానిండు, చూతము" అని పంపివేయుట అరుదు కాదు. ఆటిజమును గూర్చి తల్లిదండ్రులు సాధారణముగా అడుగు ప్రశ్నలను ముందుంచుకొని వ్రాయుచున్న ఈ వ్యాసమున నేను గట్టిగా చెప్పదలచినది ఒక్కటే: బిడ్డయందేదో తేడా యున్నదని తల్లి చెప్పిన దినమే పరీక్షకు తొలిదినము కావలెను.

గర్భమునందే మొదలైన మెదడు పెరుగుదల వేరొక త్రోవను సాగుటచేత కలుగు స్థితి ఆటిజము. దీనికి ముఖ్యలక్షణములు రెండు. ఇతరులతో చూపును, నవ్వును, మాటను ఇచ్చిపుచ్చుకొనుటలోని కొరత ఒకటి. ఒకే పనిని ఒకే తీరున మరల మరల చేయుట, చిన్న మార్పునైనను సహింపలేకపోవుట, చప్పుళ్లను, వెలుతురును, గుడ్డ ఒరపిడిని దుర్భరముగా గాని, అసలు లేనట్లుగా గాని అనుభవించుట రెండవది. ఈ రెండును కలిసినప్పుడే ఆటిజమనవలెను. మాట ఆలస్యమగుట ఒక్కటే ఆటిజము కాజాలదు. పూర్వము ఆస్పెర్గర్ మున్నగు వేర్వేరు పేర్లతో చెప్పబడిన స్థితులను అమెరికా మనోవైద్య సంఘము 2013లో తన అయిదవ నిర్ణయగ్రంథమున ఒకే వర్ణపటముగా చేర్చెను. ఆ వర్ణపటమున ఒక కొనయందు జీవితమంతయు ఒక్క మాటయైనను పలుకనివాడుండవచ్చును; మరియొక కొనయందు, విజయనగరము మొదలు నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి అనుచు ఇచ్ఛాపురము వరకు గల రైలు స్టేషనులన్నిటిని వరుస తప్పక అప్పగింపగలిగియు, తన ప్రక్కబల్లపై కూర్చున్న స్నేహితుడు ఏల ఏడ్చుచున్నాడో గ్రహింపలేని విద్యార్థి యుండవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో లోకమున 127 మందిలో ఒకరు ఈ వర్ణపటమునందున్నవారే.

"ఇది నా వలననే వచ్చినదా?" అని తల్లి అడుగు ప్రశ్నకు సమాధానము స్పష్టముగా చెప్పవలెను, ఏలనన శాస్త్రమే ఒకప్పుడు ఆమెకు తప్పుడు సమాధానము చెప్పినది. 1925లో మాస్కోలో గ్రూన్యా సుఖరేవా ఇట్టి బాలురనే వర్ణించినను లోకము ఆమెను పట్టించుకొనలేదు. 1943లో బాల్టిమోరు నగరమున లియో కానర్ పదునొకండుగురు పిల్లల కథలను ప్రకటించినప్పుడు ఆటిజము వైద్యగ్రంథములలోనికి వచ్చెను. ఆ పిమ్మట రెండు మూడు దశాబ్దములపాటు, తల్లి మనసు మంచువలె చల్లనిదగుటచేతనే బిడ్డ తనలోనికి ముడుచుకొనెనని వాదించిన పండితులు ప్రబలిరి. 1967లో బెటెల్‌హైమ్ వ్రాసిన గ్రంథము ఆ నిందకు పరాకాష్ఠ. 1977లో ఫోల్‌స్టెయిన్, రట్టర్ అను వైద్యులు 21 కవల జంటలను పరిశీలించి, దీనికి మూలము జన్యువులయందున్నదని చూపినప్పటినుండి ఆ వాదము కూలిపోయెను. అన్నకో అక్కకో ఆటిజమున్నచో తరువాతి బిడ్డకు వచ్చు అవకాశము సుమారు అయిదింట ఒకవంతు.

నిర్దోషులైన తల్లులు ఇన్నేండ్లు మోసిన ఆ నింద నేడు మన గ్రామములలో సెల్‌ఫోను రూపమున మరల వచ్చినది. ఫోనును పసివాని చేతికిచ్చి గంటలకొలది వదలిపెట్టుట మంచిది కాదు. మాటకును నిద్రకును అది చెరుపే. కాని ఆటిజము ఫోను వలన పుట్టదు. టీకాల వలనను పుట్టదు: 1998లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన వ్యాసము ఒకటి ఆ భయమును పుట్టింపగా, అందలి అక్రమములు బయటపడి 2010లో ఆ పత్రికయే దానిని ఉపసంహరించుకొనెను. పైడితల్లికి మ్రొక్కుకొనిన తల్లిని ఎవరును కాదనవలసిన పని లేదు. మ్రొక్కు తీరువరకు ఆసుపత్రికి పోరాదని చెప్పువారి మాటను మాత్రము ఆమె వినరాదు.

ఇక "ఏ స్కానింగు తీయించమంటారు బాబూ?" అను ప్రశ్న. ఆటిజమును నిర్ణయింపగల రక్తపరీక్ష గాని, స్కానింగు గాని నేటివరకు లేదు. మూర్ఛలున్నచో ఈఈజీ తీయుదురు. జన్యుదోషములను శంకించినచో జన్యుపరీక్ష చేయింతురు. ఆటిజము నిర్ణయమున కవి ఆధారములు కావు. మొట్టమొదట జరుగవలసినది వినికిడి పరీక్ష. పళ్లెము క్రిందపడిన చప్పుడునకు తిరిగి చూచినంతమాత్రమున బిడ్డకు చెవులు సరిగా వినబడుచున్నవని అనుకొనరాదు. నిద్రలో చేయు బెరా పరీక్షవలన ఆ సంశయము తీరును.

ఆపైన జరుగు పరీక్షయంతయు చూచుటయే. అన్నము తినిపించుచు తల్లి చందమామను చూపును. ఏడాది దాటిన బిడ్డ ఆమె వ్రేలి వెంట తన చూపును పోనిచ్చి, చంద్రుని చూచి, మరల తల్లి మొగము చూచి నవ్వును. కొలదినెలలకు తానే వ్రేలు చాచి ఆమెకు చూపును. అది ఏదియు కోరి చూపుట కాదు. తాను చూచిన వింతను తల్లియు చూడవలెనని మాత్రమే ఆ బిడ్డ ఆరాటము. ఆటిజమున్న పిల్లలలో పెక్కుమందియందు ఈ చూపించుట ఆలస్యమగును, లేదా రానే రాదు. బిస్కెట్టు కావలసినప్పుడు అట్టి బిడ్డ తల్లి మణికట్టును పట్టుకొని డబ్బామీదికి త్రోయును; ఆమె మొగమువంక చూడడు. బొమ్మలారీని ఇచ్చినచో నడపక, తలక్రిందులు చేసి, ఒక చక్రమును కంటికి దగ్గరగా పెట్టుకొని త్రిప్పుచుండును. పలాస వైపు ఇండ్లలో జీడిపిక్కలు దొరికినచో గోడవెంట బారుగా పేర్చి, ఆ బారులో ఒక్క పిక్కను ఎవరైన కదిపినచో, ఇల్లు కూలినంత దుఃఖమును పొందును. అనుభవజ్ఞుడైన వైద్యుడు నేలమీద కూర్చుండి, ఇట్టి బిడ్డతో ఒక గంట ఆడి, దాగుడుమూతలకు ఎట్లు స్పందించెనో, పేరు పిలిచినప్పుడు ఏమి చేసెనో చూచి, తల్లి చెప్పిన చరిత్రతో సరిపోల్చి, రెండేండ్ల వయస్సుననే నమ్మదగిన నిర్ణయమునకు రాగలడు. అయిదు నిమిషములలో ఇచ్చిన నిర్ణయము, అవునన్నదైనను కాదన్నదైనను, నమ్మదగినది కాదు.

తల్లిదండ్రులు గుర్తుంచుకొనదగిన గడువులు కొన్ని కలవు. పండ్రెండు నెలలకు పేరు పిలిచినచో తిరుగవలెను. పదునారు నెలలకు ఒక్క మాటయైనను రావలెను. ఇరువదినాలుగు నెలలకు రెండు మాటలను కలిపి తనంత తానుగా పలుకవలెను. వచ్చిన మాటలు పోయినచో ఏ వయస్సునందైనను వెంటనే చూపవలెను. పదునారు మొదలు ముప్పది నెలల వయస్సు వరకు అడుగు ఎం-చాట్ అను ఇరువది ప్రశ్నల పట్టిక వలన అనుమానము మాత్రమే తేలును, రోగనిర్ణయము కాదు. 1984లో సికింద్రాబాదున స్థాపింపబడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ మన దేశపు పిల్లలకై ఇసా అను కొలమానమును తయారుచేయగా, అది 2009లో వెలువడెను. దానియందు నలువది అంశములు కలవు. మొత్తము 70కి లోపున్నచో ఆటిజము లేదనియు, 106 వరకు స్వల్పమనియు, 153 వరకు మధ్యమమనియు, ఆపైన తీవ్రమనియు లెక్కింతురు.

ఈ పట్టికలను ఏ భాషలో అడుగవలెనను ప్రశ్న మన ప్రాంతమున మిక్కిలి ముఖ్యమైనది. సీతంపేట కొండలలో సవర మాటాడు ఇంటినుండి వచ్చిన బిడ్డ, ఇచ్ఛాపురము వైపు ఒడియా మాటాడు ఇంటినుండి వచ్చిన బిడ్డ, తెలుగున వేసిన ప్రశ్నకు పలుకకపోయినంతమాత్రమున దోషమేమియు తేలదు. అట్లని, "కొండభాషవాడు, అందుకే మాటలు లేవు" అని త్రోసివేసినచో నిజముగా ఆటిజమున్న బిడ్డయు చేజారిపోవును. సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని నమ్మి, సొంత ధనముతో బడులు పెట్టి, 1931లో ఆ భాషకు కరదీపికను వెలువరించిన గిడుగు రామమూర్తి పంతులుగారు తిరిగిన సీమ ఇది. ఆయన బడికొరకు చేసిన పనిని ఆసుపత్రి కొరకు చేయువారు నేడు కావలెను. ఇంట రెండు భాషలు వినుట వలన ఆటిజము రాదు. ఆ కారణమున ఇంటిభాషను మానివేయుమని తల్లికి సలహా ఇచ్చుట క్రూరము.

ఆడపిల్లలను గూర్చి ఒక్క మాట. ఇతరులను చూచి అనుకరించుచు తమ కష్టమును దాచుకొనుట వారిలో ఎక్కువ. "బిడియస్తురాలు, నెమ్మదైన పిల్ల" అను మెప్పు చాటున వారు ఏండ్లతరబడి గుర్తింపబడక యుందురు.

చికిత్స ఎప్పుడు మొదలు పెట్టవలెను? నిర్ణయము తేలువరకు ఆగనక్కరలేదు. అనుమానము కలిగిననాడే మొదలు పెట్టవచ్చును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమపు బృందములు ఏడాదికి రెండు మారులు అంగన్‌వాడీలకు వచ్చును. ఆ దినమున బిడ్డను ఇంట దాచక చూపవలెను. వారు బిడ్డను పంపునది డీఈఐసీ అను జిల్లా తొలిచికిత్సా కేంద్రమునకు. బడియీడు పిల్లలకు మండలములలో భవిత కేంద్రములు కలవు. బ్రతుకుతెరువునకై చెన్నపట్టణమునకో, గుజరాతు రేవులకో పోవు కుటుంబములు మన వైపు వేలకొలది. ఊరు మారినప్పుడెల్ల స్పీచ్ థెరపీ తెగిపోవుచుండును. అందుచేతనే ఇంటివారికి నేర్పుట అన్నిటికంటె మేలు. స్నానము చేయించునప్పుడు చెంబును ఎత్తిపట్టి బిడ్డ కన్నెత్తి చూచువరకు ఒక క్షణము ఆగుట, అతడు చేయు శబ్దమును తల్లియు చేసి మరల అతని వంతుకై వేచియుండుట, ఆటిజమును పోగొట్టవు. కాని ఇచ్చిపుచ్చుకొనుటకు ఒక వాకిలిని తెరచును. ఆటిజమును మాన్పు మందు లేదు. తీవ్రమైన చిరాకునకు, నిద్రలేమికి, మూర్ఛలకు మందులు కలవు, అవి వేరు. మూలకణములను ఎక్కించి నయము చేయుదుమని లక్షలు గుంజువారిని నమ్మి పొలమమ్ముకొనరాదు. ఆ చికిత్స తగదని 2022లోనే జాతీయ వైద్య కమిషనుకు చెందిన నైతిక మండలి చెప్పియున్నది.

"వైకల్య సర్టిఫికెట్టు తీసుకొన్నచో ఆడపిల్లల పెండ్లిండ్లకు అడ్డు కదా" అని వెనుకాడు కుటుంబములను నేనెరుగుదును. వారి భయము వట్టిది కాదు, లోకము అట్టిదే. అయినను ఆ పత్రము లేనిచో బిడ్డకు న్యాయముగా రావలసినదేదియు రాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములలో ఆటిజమును చేర్చినది. ఆ పత్రమునిచ్చు సదరం శిబిరమున నలువది శాతమునకు తక్కువ కాని వైకల్యము తేలినచో, 2024 జూలై నుండి నెలకు 6,000 రూపాయలుగా పెరిగిన పింఛనునకు దరఖాస్తు చేయవచ్చును. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద నిరామయ అను ఆరోగ్యబీమా లక్ష రూపాయల వరకు కలదు.

తల్లిదండ్రులు చిట్టచివర, లేచి వెళ్లునప్పుడు తలుపుదగ్గర ఆగి అడుగు ప్రశ్న, "మా తరువాత వీనికెవరు?" అనునది. దానికి పూర్తి సమాధానమును ఏ చట్టమును ఇవ్వజాలదు. కాని ఆ నేషనల్ ట్రస్టు చట్టమే, పదునెనిమిదేండ్లు నిండినవానికి తల్లిదండ్రులను గాని, తోబుట్టువులను గాని, తగిన వేరొకరిని గాని సంరక్షకులుగా నియమించుటకు కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి సంఘమును ఏర్పరచినది. తల్లిదండ్రులు ఆరోగ్యముగా నున్నప్పుడే, రేపటి సంరక్షకుని ఇంటికి పిలిచి, బిడ్డ ఏమి తినునో, ఏ చప్పుడునకు భయపడునో, ఏమి చేసిన నవ్వునో చూపి, వైకల్య పత్రమును జతపరచి, ఆ సంఘమునకు దరఖాస్తు చేసికొనవలెను.